పన్నెండో చెయ్యి

ఒట్టు. మా అమ్మ మీద కాదు, ఆవిడ మీద ఇప్పటికే చాలా వేశాను. అన్ని ఒట్లు మోసి కూడా ఆవిడ తొంభై ఏళ్ళు బతికింది గనక నా ఒట్టుకి బలం లేదని ఊళ్ళో తేలిపోయింది. ఈసారి నా రెండు కళ్ళ మీద. మొన్ననే శుక్లాలు తీయించుకున్న కళ్ళు, కొత్తవాటి కింద లెక్క. ఇందులో రాసేదంతా జరిగింది జరిగినట్టే. బహ్రెయిన్ ఎండలో కంపెనీ బస్సు టాపు మీద అప్పడాలు కాల్చుకున్నామనీ, సముద్రంలోనే ఉడికిపోయిన చేపని ఉప్పు కూడా చల్లకుండా తిన్నామనీ నా నోట విన్నవాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి. అవి వేరు, ఇది వేరు.

పోయిన నెల ఒకమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ముప్ఫై దాటిన మనిషి, విజయనగరం వైపు ఏదో బడిలో టీచరు. "చిన్నాన్నగారూ, నేను పైడయ్య కూతుర్నండీ" అంది. పైడయ్య పోయి ఏడాది అవుతోందట. సంవత్సరీకానికి తండ్రి గొంతు ఒక్కసారి వినాలని అందరికీ ఉందట, కానీ ఎక్కడా దొరకలేదట. "మీ రూములో టేపురికార్డరు ఉండేదని అమ్మ చెప్పింది. నాన్న మాట్లాడిన క్యాసెట్టు ఏదైనా మీ దగ్గర మిగిలిందేమోనని వచ్చాను" అంది. ఇన్నేళ్ళు ఫోన్లున్నాయి కదమ్మా అన్నాను. "ఫోనులో మాట్లాడేవాడు కాదండీ. అమ్మే మాట్లాడేది. ఎవరైనా వీడియో తీస్తుంటే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు." నా దగ్గర ఏమీ లేదని చెప్పి, కాఫీ ఇచ్చి, వాళ్ళ నాన్న గురించి నాలుగు కథలు చెప్పాను. నాలుగూ అబద్ధాలే. ఆ పిల్ల నవ్వి, కళ్ళు తుడుచుకుని, బస్సుకి వేళైందని వెళ్ళిపోయింది. తండ్రి యంత్రం ముందు నోరెందుకు విప్పేవాడు కాదో నన్ను అడగలేదు. అడిగి ఉంటే దానికీ ఒక కథ అల్లి ఇచ్చేవాణ్ణే. అడగలేదు గనక నిజం నా దగ్గరే మిగిలిపోయింది.

బహ్రెయిన్ సల్మాబాద్‌లో మా క్యాంపు గదిలో ఆరు ఇనప మంచాలు, ఒక్కోటీ రెండంతస్తులు, మొత్తం పన్నెండు మంది. పదకొండు మంది పాలరాయి కోసే వర్క్‌షాపులో పని. నేనొక్కణ్ణి మాత్రం ఇంటర్ దాకా చదివిన పుణ్యాన మీనా సల్మాన్ రేవులో ఒక గోదాం ఆఫీసు తుడిచి, టీ కాచే డ్యూటీకి కుదిరాను. గదిలో అడుగుపెడితే ముందు తడి తువ్వాళ్ళ వాసన, దాని వెనక కొబ్బరినూనె, ఆ వెనక ఎవరో దాచుకున్న ఎండుచేపలు, అన్నిటి మీదా గోధుమపిండిలా పరుచుకున్న రాతి దుమ్ము. గదికి పెద్ద లింబన్న, జగిత్యాల మనిషి. బీడీని చెవి దగ్గర పెట్టి వేళ్ళతో నలిపి, ఆ చప్పుడు నచ్చితేనే ముట్టించేవాడు. నచ్చకపోతే తిరిగి కట్టలో పెట్టి ఇంకోదాన్ని విచారించేవాడు. పదేళ్ళు బహ్రెయిన్‌లోనే ఉండి కూడా "మా దుబాయిల" అనే అనేవాడు. శుక్రవారం వచ్చిందంటే బట్టలుతుక్కోవడం, ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకోవడం, ఆ తరవాత క్యాసెట్లు.

ఆ రోజుల్లో మాకు ఉత్తరమంటే క్యాసెట్టే. చదువురాని ఇల్లాళ్ళు టేపు ముందు కూర్చుని అరగంట మాట్లాడితే, సెలవు నుంచి తిరిగొచ్చేవాడెవడో పెట్టెలో తెచ్చేవాడు. గదికంతా ఒకటే టేపురికార్డరు. జవాబు రికార్డు చెయ్యాలంటే ముందు ఏసీ కట్టెయ్యాలి, లేకపోతే ఇంటికి మాటకన్నా ఏసీ గోలే ఎక్కువ చేరుతుంది. అందుకని ఒకడు పెళ్ళాంతో మాట్లాడుతుంటే మిగతా పదకొండు మందిమీ చెమటలు కక్కుతూ, దగ్గు గొంతులోనే నొక్కుకుంటూ, గోడవైపు తిరిగి కూర్చునేవాళ్ళం. ఎంత సిగ్గరి అయినా మూడో క్యాసెట్టుకి అలవాటు పడిపోయేవాడు. పైడయ్యది శ్రీకాకుళం అవతల పల్లె. అక్షరం ముక్క రాదు. తన క్యాసెట్లు గుర్తుపట్టడానికి వాటికి ఎర్రదారం కట్టుకునేవాడు, ఇంటి నుంచి పెళ్ళాం కూడా అలాగే కట్టి పంపేది. టేపు ముందు కూర్చున్నాడంటే మాత్రం మనిషి మారిపోయేవాడు. ఉదయం తిన్న రొట్టె దగ్గర్నుంచి మేస్త్రీ నడక దాకా అన్నీ అభినయించి చెప్పేవాడు. మేం గోడకేసి తిరిగి నోళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళం. కథలు చెప్పడంలో ఆ గదిలో నాకు పోటీ ఉంటే అతనొక్కడే. ఆ మాట అప్పట్లో నాకు నేను కూడా చెప్పుకోలేదు.

గోదాంలో సామాను వ్యవహారం చూసే పెద్దాయన అమెరికావాడు. పని తక్కువ, టీవీ ఎక్కువ. ఆ రోజుల్లో వాళ్ళ దేశంలో ఏదో పెద్ద కేసు నడుస్తుండేది. కోర్టు జరుగుతుంటే సినిమాలాగా టీవీలో చూపించేవాళ్ళు. నేను ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తూ నిలబడిపోయేవాణ్ణి. నా సరదా చూసి ఆయన విడమరిచి చెప్పేవాడు, సగం మాటలతో, సగం చేతులతో. అక్కడ తప్పు తేల్చేది జడ్జీ కాదట, పన్నెండు మంది మామూలు మనుషులట. వడ్రంగి, డ్రైవరు, బడిపంతులు, ఎవరైనా సరే. ఆయన కూడా ఒకసారి వాళ్ళ ఊళ్ళో పడవ దొంగతనం కేసులో అలా కూర్చున్నాడట. పన్నెండు మందీ ఒకే మాట మీదికి రావాలట. రుజువయ్యేదాకా మనిషిని నిర్దోషిగానే చూడాలట. ప్రతివాడికీ లాయరు ఉండాలట. కొన్ని చోట్ల జడ్జీని కూడా ఓట్లేసి ఎన్నుకుంటారట. ఓట్లకి ముందు ఇంటింటికీ ఫోను చేసి, నీ మనసులో ఎవరున్నారని అడిగి, ఆ లెక్క పేపర్లో వేస్తారట. పెద్ద కేసుల్లో ఆ పన్నెండు మందినీ బయటివాళ్ళతో మాట్లాడనివ్వకుండా ఒకేచోట పెట్టి, బస్సులో తీసుకెళ్ళి బస్సులో తీసుకొస్తారట. ఆ చివరి మాట నేను గదికొచ్చి చెప్పగానే అందరూ నవ్వారు. "మనం గట్లనే ఉన్నం గదరా" అన్నాడు లింబన్న. అప్పటి నుంచి మా గదికి జ్యూరీ అని పేరు పడింది.

ఇలా ఉండగా నూకరాజు క్యాసెట్టు చెడింది. నూకరాజుది అనకాపల్లి దగ్గర. అతను క్యాంపులో ఉండగానే ఇంటి దగ్గర తల్లి పోయింది, చివరిచూపుకి వెళ్ళలేకపోయాడు. ఆవిడ పంపిన ఆఖరి క్యాసెట్టు ఒకటి మిగిలింది. అందులో సగం కొడుక్కి జాగ్రత్తలు, సగం మధ్యలో గేదెని తిట్టడం. ప్రతి శుక్రవారం తలంటు పోసుకుని అది వినేవాడు. ఒక శుక్రవారం మీట నొక్కితే తల్లి లేదు. ఏసీ హోరు, ఎవరిదో ఒక దగ్గు, మళ్ళీ హోరు, అంతే. ఎవరో ఎర్రమీట నొక్కి దాని మీద తిరగ రికార్డు చేసేశారు. నూకరాజు ఏడవలేదు. రెండోవైపు తిప్పి విన్నాడు, మళ్ళీ మొదటివైపు తిప్పి విన్నాడు. "ఎవడు?" అన్నాడు. ఆ వారం జ్వరమొచ్చి డ్యూటీకి వెళ్ళకుండా మంగళవారమంతా గదిలో ఒంటరిగా ఉన్నది పైడయ్య. పేర్లు చదవలేనివాడూ పైడయ్యే. కొట్లాటకి లేచిన నూకరాజు చొక్కా పట్టుకుని ఆపింది నేనే. "మనకి జ్యూరీ ఉంది కదా. పద్ధతిగా తేలుద్దాం" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా కడుపులో పుట్టిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ముందు ప్రజాభిప్రాయం సేకరించాను. మంచం మంచానికీ వెళ్ళి, ఎవరు చేశారనుకుంటున్నావని చెవిలో అడిగాను. పైడయ్యనీ నన్నూ వదిలేస్తే పదిమంది. నలుగురు పైడయ్య అన్నారు, ఆరుగురు మాకు తెలియదన్నారు. భోజనాల దగ్గర లేచి నిలబడి ఫలితం చెప్పాను: తెలిసినవాళ్ళందరూ, ఒక్కరు కూడా తప్పకుండా, పైడయ్యే అంటున్నారు. అందులో అబద్ధం ఎక్కడుందో చూపించండి. కంచాలు కడుక్కునేలోపు ఆ ఆరుగురికీ తమకి తెలియనందుకు సిగ్గేసింది. మరునాటికి వాళ్ళకీ తెలిసిపోయింది.

తరవాత జడ్జీ ఎన్నిక. గదిలోవాళ్ళు జ్యూరీ గనక జడ్జీ పదవికి పోటీ చెయ్యగలిగింది బయటివాళ్ళే. కంపెనీ బస్సు నడిపే ఖాదర్ భాయ్, మెస్సులో వంట చేసే మలబారీ. ఖాదర్ భాయ్ నిజామాబాద్ మనిషి, పట్నంలో హూరా వైపు ఉండేవాడు, ఇస్త్రీ చొక్కా వేసేవాడు. తనని గెలిపిస్తే విచారణ రోజున హూరా నుంచి అందరికీ సమోసాలు తెస్తానన్నాడు. మలబారీకి తెలుగు రాదు గనక తను పోటీలో ఉన్నట్టు కూడా తెలియదు. అయినా రెండు ఓట్లు పడ్డాయి. పన్నెండు మందిని లెక్క పెట్టుకున్నప్పుడు మాకు తట్టనిది ఒకటే. పన్నెండు మంచాలు, పన్నెండు మంది జ్యూరీ. అందులో ముద్దాయి కూడా ఒకడు. అంటే పన్నెండు మందీ ఒకే మాట మీదికి రావాలంటే, పైడయ్య నేరస్తుడని పైడయ్య కూడా చెయ్యెత్తాలి. అలా కుదిరింది మరి, మంచాల లెక్కన. ముద్దాయికి లాయరు ఉండాలి కదా, అది నేను. రూలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. టేపురికార్డరు సాక్ష్యం కింద తువ్వాల్లో చుట్టి, అతుకుడు టేపు అంటించి, బీరువా మీద పెట్టాం. తీర్పు వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు.

మొదటి శుక్రవారం సమోసాలు వచ్చాయి. ఖాదర్ భాయ్ కింది మంచం మీద దిండు వేసుకుని కూర్చున్నాడు. లింబన్న ప్రశ్నలు వేశాడు.

"మంగళారం నాడు రూంల ఎవరున్నరు?"

"నానే. జొరమొచ్చి తొంగున్నాను."

"టేపు ముట్టినవా?"

"నాను ముట్టనేదు, లింబన్నా. నాను మాటాడితే ఏసీ కట్టీకుండా ఎలగ మాటాడతాను? అందల ఏసీ గోలుంది కదేటి. అది ఎవులో తెలవక నొక్కీసినారు."

అది అసలైన పాయింటు. ఆ గదిలో ఆ రోజు పలికిన ఒకే ఒక్క తెలివైన మాట. అతని లాయరుగా నేను లేచి దాన్ని పట్టుకుని ఊపాల్సింది. నేను సమోసా నములుతున్నాను. "నీ ఏసీ సంగతి మాకెందుకు, దగ్గు సంగతి చెప్పు" అని ఎవరో అన్నారు. అక్కడి నుంచి విచారణ దగ్గు మీదికి మళ్ళింది. టేపులో ఉన్న దగ్గు ఎవరిదో తేలాలంటే అందరూ వరసగా దగ్గాలని నేనే ప్రతిపాదించాను. ఒక్కొక్కడే మధ్యలోకి వచ్చి దగ్గాడు. పాలరాతి దుమ్ము తిన్న ఊపిరితిత్తులు, అందరిదీ ఒకే దగ్గు. పైడయ్య వంతు వచ్చేసరికి భయానికి గొంతెండి పెద్దగా రాలేదు. "సూసినారా, దాస్తన్నాడు" అన్నాడు నూకరాజు. "ఇంకోసారి దగ్గు, భాయ్. మంచిగ దగ్గు" అన్నాడు జడ్జీ. దగ్గించాం. తొమ్మిదిసార్లో పదిసార్లో. ఆఖరికి కళ్ళంట నీళ్ళొచ్చి, మంచం కోడు పట్టుకుని, నిజంగానే ఆగకుండా దగ్గాడు. ఇదేనన్నారు అందరూ.

చెయ్యెత్తమంటే పదకొండు చేతులు లేచాయి. నాది కూడా. లాయరుగా నా మనిషి నిర్దోషి అన్నాను, జ్యూరీలో మనిషిగా చెయ్యెత్తాను. ఏ డ్యూటీ ఆ డ్యూటీదే. పైడయ్య చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంది. "తీర్పు రాలేదు. ఒక్కమాట మీదికి వచ్చేదాకా ప్రతి శుక్రవారం కూర్చోవడమే, అక్కడి చట్టం అది" అన్నాను. టేపురికార్డరు బీరువా మీదే ఉండిపోయింది.

రుజువయ్యేదాకా నిర్దోషే గనక ఎవరూ అతన్ని తిట్టలేదు. ఆ విషయంలో నేను చాలా కచ్చితంగా ఉన్నాను. కాకపోతే అతను గదిలోకి రాగానే ఎవడో ఒకడు దగ్గేవాడు. వెంటనే ఇంకొకడు. స్నానాల వరసలో దగ్గు, బస్సు ఎక్కుతుంటే దగ్గు, కంచం ముందు కూర్చుంటే పదకొండు దగ్గులు. నిజంగా దగ్గొచ్చినా అతను మాత్రం నొక్కుకునేవాడు. ముఖం ఉబ్బి ఎర్రబడేది. అది చూడ్డానికి ఇంకా బాగుండేది. ఆ వారంలోనే ఒకతను సెలవు నుంచి వచ్చి నలుగురికి ఇంటి క్యాసెట్లు తెచ్చాడు. ఎర్రదారం కట్టింది ఒకటి పైడయ్యది. వినడానికి మిషను లేదు. మిగతా ముగ్గురూ క్యాసెట్లు చేతిలో పట్టుకుని పైడయ్య కేసి చూసేవాళ్ళు. రెండో శుక్రవారం కూడా చెయ్యి లేవలేదు. "నాను సెయ్యనిది సేసినానని ఎలగనీసి సెప్పను?" అన్నాడు, నా ఒక్కడితో, లాయరు గదా అని.

మూడో శుక్రవారం పొద్దున్న ఉతుకుడు బండ దగ్గర అతని పక్కన కూర్చున్నాను. అమెరికాలో చాలా కేసులు కోర్టుదాకా పోవనీ, లాయర్లే బేరం కుదిర్చి ముగించేస్తారనీ ఆ పెద్దాయన చెప్పాడు. అదే చేశాను. నువ్వు చెయ్యెత్తితే మిషను విప్పుతారు, శిక్ష మొదలయ్యేలోపు నీ క్యాసెట్టు ఒకసారి విననిస్తారు, జడ్జీతో మాట్లాడాను అన్నాను.

"సిచ్చేటి, బావూ?"

"ఇంక నువ్వు ఆ మిషను ముట్టకూడదు."

"వినడానికా, మాటాడ్డానికా?"

"రెండింటికీ."

చొక్కా పిండి, దులిపి, తీగ మీద ఆరేశాడు. కాలరు సరిచేశాడు. "మరి ఒకసారంటే రెండేపులా, ఒక ఏపేనా?" అన్నాడు. రెండువైపులా అని, నా చేతిలో అధికారం ఉన్నవాడిలా చెప్పాను.

మధ్యాహ్నం చెయ్యెత్తాడు. భుజం దాకా కాదు, చెవి దాకా. చాలన్నాడు ఖాదర్ భాయ్. తువ్వాలు విప్పి, ఎర్రదారం తెంపి, క్యాసెట్టు పెట్టాం. అందరి ముందూనే, అక్కడ కోర్టు అందరికీ తెరిచి ఉంటుంది గదా. పైడయ్య పెళ్ళాం గొంతు వచ్చింది. వానలు పడ్డాయంది, ఆవు ఈనిందంది. తరవాత, "మరేటంటే, నువ్వు అంపిన పాత కేసెట్టు మిసన్ల పడి నలిగిపోనాది. మన గుంట నీ మాట ఇంటేగాని కూడు తినట్నేదు. బేగి ఇంకోటి మాటాడి అంపు. మేస్త్రీలాగ నడిసింది సెప్పు, అదే కావాలట" అంది. రెండోవైపు కూడా అదే అడిగింది. ఎవరూ నవ్వలేదు, దగ్గలేదు. టేపు అయిపోయి మీట టక్కున పైకి లేచింది.

"ఖలాస్" అన్నాడు ఖాదర్ భాయ్, వాచీ చూసుకుని. తరవాతి క్యాసెట్టు ఎవరిదో వాళ్ళు ముందుకి జరిగారు. లింబన్న బీడీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. పైడయ్య తన క్యాసెట్టు జేబులో వేసుకుని పైమంచం ఎక్కాడు. రెండు నెలల తరవాత కంపెనీ వాళ్ళనడిగి వేరే క్యాంపుకి మారిపోయాడు. తెలుగు మనిషి లేని గది కావాలని అడిగాడని ఖాదర్ భాయ్ చెప్పాడు. నూకరాజు మాత్రం తీర్పు వచ్చిన రోజు నుంచి హాయిగా ఉన్నాడు. తల్లి గొంతు తిరిగి రాలేదు, కానీ ఎవరో ఒకరు చేశారని తేలింది, అది చాలు అతనికి. నిజంగా ఎర్రమీట ఎవరు నొక్కారో ఈ రోజుకీ తెలియదు. తీర్పు వచ్చాక వెతకడమెందుకని ఎవరూ వెతకలేదు.

ఇప్పుడు నా మనవడు రోజుకి వంద వాయిస్ మెసేజీలు పంపుతాడు, వినకుండానే చెరిపేస్తాడు. ఒక గొంతు కోసం పన్నెండు మంది ఏసీ కట్టేసుకుని ఉడికిపోయిన సంగతి చెబితే ఇదీ నా కోతల్లో ఒకటనుకుంటాడు. జ్యూరీ కూడా పెద్దదైంది. ఫోను తెరిస్తే చాలు, ముక్కూ మొహం తెలియనివాణ్ణి మధ్యలో నిలబెట్టి ఊరూ నాడూ దగ్గుతుంటుంది. సమోసాలు కూడా ఎవరివి వాళ్ళే తెచ్చుకుంటున్నారు. మేం ఇంతకన్నా మంచివాళ్ళమని రాద్దామనుకున్నాను. మాకు మిషను ఒకటే ఉండేది, అంతే తేడా.

కళ్ళ మీద ఒట్టు వేశాను గనక, కొత్త కళ్ళు గనక, ఒక సంగతి కల్పించానని ఒప్పుకుంటున్నాను. పన్నెండులో ముద్దాయి కూడా ఒకడని మాకు తట్టలేదని రాశాను. అందరూ ఒక్కమాట మీదికి వచ్చేదాకా కూర్చోవడమే అక్కడి చట్టమని గదిలో నేను చెప్పింది తెలిసీ తెలియక అన్నట్టు రాశాను. నా తెలియనితనం కల్పన. గోదాం పెద్దాయన మొదటిరోజే రెండూ చెప్పాడు. ముద్దాయి జ్యూరీలో కూర్చోడు, అతని లాయరూ కూర్చోడు. ఒక్క చెయ్యి ఆఖరిదాకా లేవకపోతే తీర్పు లేదు, జ్యూరీని పంపించేస్తారు, చాలాసార్లు ముద్దాయి కూడా ఇంటికి పోతాడు. పైడయ్యనీ నన్నూ తీసేస్తే పదిమందితో ఆట సాగదు. అందుకని నాకు సరదాగా ఉన్నంతవరకే తెలుగులోకి దించాను. అతను రెండు శుక్రవారాలు చెయ్యి ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు. ఆ దేశపు చట్టం ప్రకారం అతని మీద తీర్పే లేదు, కేసు అక్కడే చచ్చిపోయేది. గదిలో ఆ సంగతి తెలిసిన ఒక్కడూ అతని లాయరే.